వెదకు విధము

"చంకలో బిడ్డ నుంచుకొని ఊరంతయు వెదకినట్లు" అని మన పెద్దలు చెప్పుదురు. ఆ సామెతలోని తల్లికి చూపు లేక కాదు. వెదకవలసిన చోటు ఆమె మదికి తట్టలేదు. నేటి దినములలో మనము వెదకుపనిని చాలవరకు కంప్యూటరునకు అప్పగించినాము. అది లక్ష మాటల గ్రంథమునైనను రెప్పపాటులో చూచి, "ఉన్నది" అనియో "లేదు" అనియో చెప్పును. అంత వేగముగా చెప్పుచున్నది గనుక మనము దానిని నమ్ముచున్నాము. ఉన్నదని చెప్పినప్పుడు నమ్ముటలో దోషము లేదు. ఉన్న చోటును కూడ చూపును గనుక మన కన్నులే సాక్ష్యము. లేదని చెప్పినప్పుడు మాత్రము ఒక్క క్షణ మాగి విచారింపవలసి యున్నది. ఆ విచారణయే ఈ వ్యాసమునకు విషయము.

మా బాలబాలికలలో పెక్కుమంది టెక్స్టు ఎడిటరు నెరుగుదురు. తలిదండ్రులలో ఎరుగనివారి కొరకు చెప్పుచున్నాను. టెక్స్టు ఎడిటరనగా కంప్యూటరులో వ్రాతను వ్రాయుటకును దిద్దుటకును ఉపయోగించు పరికరము. అందులో వెదకుటకొక చిన్న గడి యుండును. ఆ గడిలో ఒక మాట వ్రాసినయెడల, ఆ మాట యున్న చోట్లనెల్ల అది చూపును. ఇంతవరకు అందరికిని తెలిసినదే. అయితే ఆ గడి వెనుక మనకు కనబడని ఆజ్ఞలు కొన్ని కలవు. అక్షర భేదములలో వేటిని పాటింపవలెను, వేటిని విడువవలెను? మనము వ్రాసినదానిని ఉన్నదున్నట్లే వెదకవలెనా, లేక దానినొక మాదిరిగా నెంచి, ఆ మాదిరికి సరిపడువాని నన్నిటిని వెదకవలెనా? ఈ ప్రశ్నలకు మనము ఉత్తరము చెప్పకున్నను, ఎడిటరును నిర్మించినవారు మనకు బదులుగా ముందే చెప్పియుంచినారు. అట్లు ముందుగా చెప్పియుంచిన అమరికనే "డిఫాల్టు" అందురు. దానిని మార్చుకొను స్వాతంత్ర్యము మనకు గలదు. కాని అట్టిదొకటి యున్నదని తెలిసినవారే దానిని మార్చగలరు.

మా నస్పూరు ప్రాంతము బొగ్గుగనులకు ప్రసిద్ధము. ఇది 2016 వ సంవత్సరము వరకు ఆదిలాబాదు జిల్లాలో నుండి, ఆ యేట క్రొత్తగా ఏర్పడిన మంచిర్యాల జిల్లాలో చేరినది. సింగరేణి గనులలో పనికై కరీంనగరము నుండియు, వరంగల్లు నుండియు, గోదావరి యావలి ప్రాంతముల నుండియు, కోస్తా జిల్లాల నుండియు కుటుంబములు వచ్చి యిచట స్థిరపడినవి. వారి బిడ్డలు మన బడులలో చేరిరి. ఒక్కొక్క సీమవారు ఒకే పేరును ఒక్కొక్క రీతిగా పలుకుదురు. పేరు వ్రాసుకొను గుమాస్తా తనకు వినబడినట్లు వ్రాసుకొనును. అందువలన మన పాత ప్రవేశ పుస్తకములు పేర్ల వైవిధ్యమునకు నిలయములు. ఎల్లయ్య యెల్లయ్యగాను, కొమరయ్య కొమురయ్యగాను, ఏసుదాసు యేసుదాసుగాను వానియందు కనబడుదురు. వీనిలో ఏదియు తప్పు కాదు. పలికిన నోరును, వ్రాసిన చేయియు వేరైనవి, అంతే.

ఆ పుస్తకముల కాగితము పెళుసెక్కి పొడిపొడి యగుచుండుట చూచి, వేసవి సెలవులలో పై తరగతుల విద్యార్థులు కొందరు వానిని కంప్యూటరులోని కెక్కించిరి. ఎవరి యెదుట నున్న పుటలో ఎట్లున్నదో అట్లే వ్రాయవలెనని వారికి చెప్పబడెను. వారు శ్రద్ధగా నట్లే చేసిరి. అటు తరువాత పాత విద్యార్థులెవరైనను ధ్రువపత్రము కొరకు వచ్చినప్పుడు, పుస్తకములు తిరుగవేయు పని లేక, ఎడిటరు గడిలో పేరు వ్రాసి వెదకుట వాడుకైనది.

ఒకనాడు ఒక వృద్ధురాలు వచ్చెను. ఆమె భర్త గనిలో పనిచేసి కాలధర్మము నొందినవాడు. ఏదో యొక కార్యాలయమువారు ఆమె పుట్టిన తేదీకి ఋజువు కోరిరట. చిన్ననాడు మూడు నాలుగేండ్లు బడికి వచ్చినది గనుక ఆ ఋజువు ఇచట నుండునని ఆమె నమ్మకము. గుమాస్తా ఆమె చెప్పిన పేరును గడిలో వ్రాసెను. లేదని వచ్చెను. ఇంటిపేరుతో వెదకెను. మరల లేదనియే వచ్చెను. "అమ్మా, నీవు వేరొక బడిలో చదివియుందువు, జ్ఞాపకము చేసికొనుము" అని ఆయన మర్యాదగానే చెప్పెను. ఆమె లేచి పోలేదు. "గీ బడిలనే సదివిన సారూ. గా యాపచెట్టు కింద కూసుండేటోళ్లం. నేను మరిచిపోతనా?" అని బల్లమీదనే కూర్చుండెను. ఆమె కన్నులలో కోపము లేదు గాని, తన బాల్యమునే యెవరో కొట్టివేసినట్లు ఒక విధమైన దిగ్భ్రమ యుండెను.

ఆమె పేరు ఇచట చెప్పను. ఆ పేరులోని మొదటి అక్షరము "ఏ" అనియు, ఆమె పుట్టినింటిపేరున "ర" అను నక్షరము గలదనియు మాత్రము చెప్పుదును. నేను తెలుగు బోధించువాడను. "ఏ" అను అక్షరము మన పల్లెలలో "యే" యగుననియు, పాత వ్రాతలో "ర"కు బదులు "ఱ" యుండవచ్చుననియు తెలియుటకు గొప్ప పాండిత్యము అక్కరలేదు. గడి ప్రక్కనున్న మీటను నొక్కి, మాదిరిని బట్టి వెదకునట్లు అమరికను మార్చి, "ఏ" గాని "యే" గాని మొదట నున్న ఆ పేరును, "ర" గాని "ఱ" గాని నడుమ నున్న ఆ ఇంటిపేరును అడిగితిమి. పేరునకు నలుగురు కనబడిరి. వారిలో ఆ ఇంటిపేరు గలది ఒక్కతె. అటుపిమ్మట సిరాతో వ్రాసిన మూలపుస్తకమును తీసి, తండ్రి పేరును, వృత్తిని, ప్రవేశ దినమును సరిచూచితిమి. అన్నియు సరిపోయినవి. ఆమె మొదటి నుండియు ఆ పుస్తకములోనే యున్నది. పుస్తకము లేదనలేదు, యంత్రమును అడిగిన రీతి లేదనిపించినది.

యంత్రమెందుకిట్లు చేయును? దానికి మన అక్షరములు రూపములు గావు, సంఖ్యలు. లోకమందలి లిపులనెల్ల ఒక్క పట్టికలో చేర్చిన యూనికోడ్ అను ఏర్పాటు 1991 వ సంవత్సరమున వెలువడినది. అందులో తెలుగునకు 3072 మొదలు 3199 వరకు 128 స్థానము లీయబడినవి. "ర" 3120 వది, "ఱ" 3121 వది. ప్రక్క ప్రక్క ఇండ్లవారైనను యంత్రమునకు వారు పరిచయము లేనివారే. "ఏ" ఒకే సంఖ్య, 3087. "యే" యనునది రెండు సంఖ్యలు: యకారమునకు 3119, ఏత్వమునకు 3143. మన చెవికి దాదాపు ఒకటే యైన ఈ రెండును యంత్రమునకు పొడవులోనే వేరు.

మన యూరి పేరునే చూడుడు. "నస్పూర్" అను మాటలో మన కంటికి మూడే అక్షరములు: న, స్పూ, ర్. యంత్రమునకు ఏడు సంఖ్యలు: న, స, పొల్లు, ప, కొమ్ముదీర్ఘము, ర, మరల పొల్లు. దీనినే "నస్పూరు" అని వ్రాసినయెడల చివరి పొల్లు పోయి కొమ్ము వచ్చును. కావున "నస్పూర్" అని వెదకినవానికి "నస్పూరు" దొరకదు. అయితే కడపటి గుర్తును విడిచి "నస్పూర" అని వెదకినచో, సంఖ్యల వరుసను బట్టి వెదకు ఎడిటరులలో రెండును దొరకును. ఇంతకంటె విచిత్రమైన దొకటి గలదు. "నస్పూర్‌లో" అని వ్రాయునప్పుడు రకారపు పొల్లు లకారముతో కలిసి ఒత్తుగా మారకుండుటకు నడుమ కంటికి కనబడని గుర్తు నొకదానిని ఉంచుదురు. దాని సంఖ్య 8204. అది లేనిచో "నస్పూర్లో" అగును. కనబడని గుర్తును మనము మరతుము గాని యంత్రము మరవదు. ఒక విద్యార్థి ఆ గుర్తుతో వ్రాసి, మరియొకడు అది లేక వెదకినచో, ఉన్న మాట లేనిదగును.

ఇట్టి చిక్కులకు మందు "రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్" అను మాదిరి వ్రాత. దీని పుట్టుక వినదగినది. స్టీఫెన్ క్లీనీ అను అమెరికా గణితశాస్త్రజ్ఞుడు నాడీజాలము ఎట్టి వరుసలను గుర్తింపగలదో విచారించుచు, 1951 లో ఒక నివేదిక వ్రాసెను. అది 1956 లో గ్రంథములో అచ్చైనది. అందులో వరుసలను వర్ణించుటకు ఆయన కల్పించిన గణిత పద్ధతియే దీనికి మూలము. 1968 లో కెన్ థాంప్సన్ ఆ పద్ధతిని కంప్యూటరులో వ్రాతను వెదకుటకు వినియోగించు మార్గమును ప్రకటించెను. ఆయన ఎడిటరులో "ఈ మాదిరి గల పంక్తుల నన్నిటిని అచ్చువేయుము" అనుటకు వాడిన ఆజ్ఞ నుండియే 1973 లో "గ్రెప్" అను పరికరమునకు పేరు వచ్చినది. మెదడును గూర్చిన ప్రశ్న యొకటి తుదకు మన ప్రవేశ పుస్తకములో ఒక వృద్ధురాలి పేరు వెదకుటకు పనికివచ్చుట చూడగా, ఏ విద్య ఎచట నక్కరకు వచ్చునో ఎవరును ముందుగా చెప్పజాలరు.

మాదిరి వ్రాతలో కొన్ని గుర్తులకు తమ మామూలు అర్థము గాక వేరు అర్థముండును. మొదటిది చదరపు కుండలి. అందులో నుంచిన అక్షరములలో ఏదైనను ఒకటి చాలును. చె[రఱ]కు అని వ్రాసిన, "చెరకు" అను నేటి వ్రాతయు "చెఱకు" అను పాత వ్రాతయు దొరకును. క[రఱ]వు అన్న, "కరవు", "కఱవు" అను రెండును వచ్చును. రెండవది ప్రశ్నార్థకము. దానికి ముందున్న గుర్తు ఉండవచ్చును, లేకపోవచ్చును అని దాని భావము. మన పాత సంచికలలోను గ్రంథములలోను అరసున్న విరివిగా నుండెను. వాఁ?డు అని వ్రాసిన, అరసున్న గల "వాఁడు"ను, లేని "వాడు"ను రెండును కనబడును. మూడవది నిలువు గీత. గీతకు ఇటుగాని అటుగాని యున్నది చాలును. (ఏ|యే)సుదాసు అన్నప్పుడు రెండు వ్రాతలును వచ్చును. ఈ మూడు గుర్తులు నేర్చినవాడు మన తెలుగు వ్రాతలో సగము చిక్కులను విప్పగలడు.

మన సీమ నుండియే మరియొక యుదాహరణము చెప్పెదను. నిజాము ప్రభుత్వము నెదిరించి 1940 లో జోడేఘాట్ వద్ద ప్రాణములర్పించిన గోండు వీరుని పేరు అందరు నెరుగుదురు. 2016 లో ఆసిఫాబాదు జిల్లాకు ఆయన పేరు పెట్టినారు. అయితే ఆ పేరును కొమరం అనియు, కొమురం అనియు, కుమురం అనియు, కుమ్రం అనియు వ్రాయుదురు. రెండవ మాటను భీం, భీమ్, భీము అని మూడు విధముల వ్రాయుదురు. నాలుగును మూడును కలిసిన పండ్రెండు రూపములగును. ఒక్క రూపముతో వెదకి, "ఆయనను గూర్చి ఇందులో వ్రాయలేదు" అని ఒక విద్యార్థి తీర్మానించినచో, ఆ తీర్మానమెంతవరకు న్యాయము? (కొమరం|కొమురం|కుమురం|కుమ్రం) (భీం|భీమ్|భీము) అని ఒక్క పంక్తి వ్రాసిన, పండ్రెండును ఒక్కసారిగా వచ్చును.

ఇక డిఫాల్టుల సంగతి. ఎడిటరులను నిర్మించినవారిలో మొదటివారు ఆంగ్లము వ్రాయువారు. ఆంగ్లమున పెద్ద అక్షరములు, చిన్న అక్షరములు అను భేదము గలదు. అందుచేత వెదకుటలో వారికి ముందుగా తోచిన ప్రశ్న, ఆ భేదమును పాటింపవలెనా వద్దా యనునదే. 1991 లో బ్రామ్ మూలెనార్ వెలువరించిన "విమ్" అను ఎడిటరులో పాటించుట డిఫాల్టు, వద్దనుకొన్నవారు మార్చుకొనవచ్చును. "ఈమాక్స్" అను ఎడిటరులో చిన్న అక్షరములతో వెదకినంతవరకు ఆ భేదమును విడుచుట డిఫాల్టు. ఈ రెండు ఏర్పాట్లును ఆంగ్లమునకు మేలైనవే. తెలుగున పెద్ద, చిన్న అక్షరములే లేవు. కావున ఆ మీటను ఎటు త్రిప్పినను మనకు లాభనష్టములు లేవు. మనకు కావలసిన మీటలు, అనగా ఱకారమునకు, అరసున్నకు, యకారమునకు, కనబడని గుర్తునకు వలసినవి, గడి ప్రక్కన లేవు. వానిని మనమే అమర్చుకొనవలెను.

అమర్చుకొనుటకు మార్గములు గలవు. ఈమాక్సు 25 వ కూర్పు 2016 లో వచ్చినప్పుడు, "సెర్చ్-డిఫాల్ట్-మోడ్" అను అమరిక నొకదానిని చేర్చిరి. మామూలు వెదకుట ఉన్నదున్నట్లు జరుగవలెనా, మాదిరిని బట్టి జరుగవలెనా, లేక పోలిన అక్షరములను ఒకటిగా నెంచి జరుగవలెనా యని దానితో ముందే నిర్ణయింపవచ్చును. 2020 లో వచ్చిన 27 వ కూర్పులో ఇంకొక మెట్టెక్కి, ఏ యక్షరమును దేనితో సమానముగా నెంచవలెనో మన సొంత పట్టికను చేర్చుకొను వీలు కల్పించిరి. "ర"కు "ఱ" సాటి, "ఏ"కు "యే" సాటి అని ఒక్కసారి వ్రాసియుంచిన, పోలికను బట్టి వెదకునప్పుడు ఆ యంత్రమంతట పాటించును. విమ్ ఎడిటరునందు గుండ్రని కుండలికిని నిలువు గీతకును ముందు బ్యాక్‌స్లాష్ గుర్తు పెట్టినగాని వాని ప్రత్యేకార్థము రాదు. ఇది కష్టమని తోచినవారు, వెదకుటకు నొక్కు మీటతోనే ఆ కష్టమును తీర్చు సంకేతము తనంతట వచ్చునట్లు అమర్చుకొందురు. ఈ విమ్ ఎడిటరును వెల లేక యిచ్చుచు, దాని నిర్మాత కోరినది ఉగాండా దేశపు దిక్కులేని పిల్లలకు సాయము చేయుమనియే. ఆయన 2023 లో పరమపదించెను.

కొన్ని డిఫాల్టులు మన మార్పునకు లొంగవు. వాని స్వభావమును తెలిసి మెలగవలెను. మాదిరి వ్రాతలో చుక్కకు "ఏదైనను ఒక అక్షరము" అని అర్థము చెప్పుదురు. పెక్కు పరికరములలో అది ఒక సంఖ్యనే గుర్తించును గాని మన యక్షరమును గాదు. అందువలన "నస్పూర్" అను మాటకు మూడు చుక్కలు చాలవు, ఏడు కావలెను. వ్రాతను అక్షరములుగా విభజించుటకు యూనికోడ్‌వారు వేరుగా నియమములు చేసియున్నారు. 2023 వరకు ఆ నియమముల ప్రకారము "స్పూ" అను సంయుక్తాక్షరము "స్" అనియు "పూ" అనియు రెండుగా విరుగుచుండెను. ఆ యేటి 15.1 వ కూర్పులో తెలుగు మొదలగు కొన్ని లిపుల సంయుక్తాక్షరములను విరువక ఒకటిగా నెంచు నియమమును చేర్చిరి. మన పలక మీద పిల్లలు దిద్దునది యంత్రలోకమున ఒక అక్షరముగా గుర్తింపబడుటకు అంతకాలము పట్టినది. అట్లే "పదమునందలి అక్షరము" అను సంకేతమొకటి గలదు. పైథాన్ భాషతో వచ్చు మామూలు పరికరము గుణింతపు గుర్తులను, పొల్లును పదములోనివిగా నెంచదు. దానిచే పదములను ఏరించినచో "నస్పూర్" అను నొక్క మాట "నస", "ప", "ర" అను మూడు ముక్కలై చేతికి వచ్చును. ఆ ముక్కలను చూచి మన భాషనే తప్పుపట్టుకొనక, కొలబద్ద యెవరి కొరకు చేయబడినదో తెలిసికొనవలెను.

ఇంతవరకు చదివినవారు, "అట్లయిన అన్ని భేదములను విడిచి, అన్నిటిని పోలికను బట్టియే వెదకునట్లు శాశ్వతముగా అమర్చిన సరిపోదా?" అని అడుగవచ్చును. సరిపోదు. ప్రాచీన కావ్యమును పరిష్కరించు పండితునకు "అరుగు" వేరు, "అఱుగు" వేరు. మొదటిది పోవుట, రెండవది జీర్ణమగుట. ఆయన పనిలో ఆ రెంటిని కలుపుట అపచారము. ప్రవేశ పుస్తకమును వెదకు గుమాస్తాకు ఆ రెంటిని వేరుచేయుట అపచారము. హ్రస్వదీర్ఘములను కూడ కలిపివేసినచో "కల", "కాల" ఒకటియై, ఒకరిని వెదకబోయి మరియొకరిని పట్టుకొందుము. లేనివాడని చెప్పుట యెంత అన్యాయమో, ఒకని ధ్రువపత్రమును మరియొకని చేత పెట్టుటయు అంత అన్యాయమే. అందుచేతనే పైన చెప్పిన వృద్ధురాలి విషయమున యంత్రము చూపిన దానితో తృప్తి నొందక, మూలపుస్తకమును తెరచి సరిచూచితిమి. వల పెద్దది చేసికొనుట చేపలు పట్టుటకు. ఏ చేపను ఉంచవలెనో, దేనిని విడువవలెనో చూచుకొనుట మన కన్నుల పని.

మరియొక ప్రమాదము గలదు. మాదిరిని బట్టి వెదకుటను డిఫాల్టుగా నుంచినచో, చుక్క చుక్కగా నుండదు. ఫీజు పుస్తకములో 2.50 అని వెదకినవానికి 2150 యు 2350 యు కూడ కనబడును, నడుమనున్న చుక్క ఏ యంకెకైనను సరిపడును గనుక. నోట్‌పాడ్ ప్లస్ ప్లస్ అను ఎడిటరు తుదిసారి యెన్నుకొన్న విధమును జ్ఞాపకముంచుకొనును. ముందు కూర్చున్నవాడు మార్చిన అమరిక తరువాత కూర్చున్నవానికి చెప్పకయే సంక్రమించును. ఇంటిలో ఒకరి కంప్యూటరును ఒకరే వాడుకొనునప్పుడు ఇది చిన్న సంగతి. పాఠశాలలో నలువది మంది వంతులవారీగా కూర్చుండు చోట ఇది చిన్న సంగతి గాదు.

యంత్రములు లేని కాలమునను ఈ సమస్య యుండెను. 1737 లో లండనున అలెగ్జాండర్ క్రూడెన్ అనువాడు ఆంగ్ల బైబిలులోని మాటలకు పెద్ద అనుక్రమణిక నొకదానిని స్వహస్తముతో కూర్చి ప్రకటించెను. ఏ మాటను ఏ శీర్షిక క్రింద చేర్చవలెను, ఏ రూపములను ఒకటిగా నెంచవలెను అను నిర్ణయములు ఆయనయే చేసెను. ఆ నిర్ణయములే ఆ గ్రంథమును చూచువారికి డిఫాల్టులు. ఆయన ఒక శీర్షికను విడిచినయెడల, చూచువానికి ఆ మాట లేనట్లే. కావున వెదకుటకు సాధనము నిర్మించు ప్రతివాడును, తెలిసియో తెలియకయో, ఇతరులకు ఏమి దొరకునో ఏమి దొరకదో నిర్ణయించుచున్నాడు. ఇది బరువైన బాధ్యత.

శిక్షణ కళాశాలలో మాకు ప్రశ్నలడుగు పద్ధతిని బోధించిరి. తరగతిలో ఎవడును ఉత్తరము చెప్పనప్పుడు, పిల్లలకు తెలియదని తీర్పు చెప్పుటకు ముందు ప్రశ్నను మార్చి మరల నడుగవలెనని అందలి ముఖ్య పాఠము. తెలిసియు చెప్పలేని పిల్లవాడు తరగతి కొక్కడైనను ఉండును; ప్రశ్న వాని భాషలోనికి వచ్చువరకు వాడు మౌనముగా నుండును. ఇరువది యేండ్లకు పైగా బోధించిన పిదప, ఆ పాఠము కంప్యూటరునకును వర్తించుట చూచుచున్నాను.

ఇప్పుడు మా కంప్యూటరు గదిలో గోడమీద నొక కాగితము అంటింపబడి యున్నది. అందలి నియమములు నాలుగు. ఒకటి: వెదకుటకు ముందు, గడి ఏ విధముగా అమర్చబడి యున్నదో చూడుము. రెండు: పేర్లను వెదకునప్పుడు ఏ, యే, ర, ఱ, పొల్లు, కొమ్ము, ఈ జతలను మాదిరిలో చేర్చుము. మూడు: దొరికినదానిని మూలముతో సరిచూడుము. నాలుగు: లేచి పోవునప్పుడు నీవు మార్చిన అమరికను తిరిగి సరిచేయుము, లేదా కాగితముమీద వ్రాసి పెట్టుము. ఆరవ తరగతి పిల్లలు మొదటి నియమమును చాల శ్రద్ధగా పాటించుచున్నారు. పెద్ద తరగతులవారికి నాలుగవది కష్టముగా నున్నది.

విద్యార్థులారా! మీలో అనేకులు రేపు కార్యాలయములలో కూర్చుందురు. మీ యెదుట బల్లకు ఆవల నిలువబడి, తన పేరును తాను చెప్పుకొనువాని చేతిలో కాగితము లుండకపోవచ్చును. మీ చేతిలో యంత్రముండును. అది లేదని చూపినప్పుడు ఆ మాటను అతనికి చెప్పుటకు ముందు, "నేనేమి యడిగితిని? ఏ రూపమున నడిగితిని? ఇతని పేరును ఇంకెన్ని విధముల వ్రాయవచ్చును?" అని మీలో మీరు ప్రశ్నించుకొనుడు. రెండవసారి వెదకుటకు పట్టునది ఒక నిమిషము. ఆ నిమిషము లేకపోవుటచే ఎండలో ఊరికి తిరిగిపోవు వానికి పట్టునది ఒక దినము; ఒక్కొక్కప్పుడు సంవత్సరములు.